ఇంటి దొడ్డికి బ్యాటరీ ట్రిమ్మర్: 18 వోల్టులదా, 36 వోల్టులదా, అసలు కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. పి.గన్నవరం దగ్గర ఊరు. ఇంటి స్థలం పన్నెండు సెంట్లు, దాని వెనకే ముప్పావు ఎకరం కొబ్బరితోట. కొడవలి పట్టే మనిషి దొరకడం లేదు. పెట్రోలుతో నడిచే గడ్డి కోత మిషను (బ్రష్ కట్టర్) మోయడానికి మీ నడుం ఒప్పుకోదు. ఆన్‌లైన్‌లో "48 వీఎఫ్" అని రాసి, రెండు బ్యాటరీలతో మూడు వేల లోపు బ్యాటరీ ట్రిమ్మర్, అంటే గిర్రున తిరిగే నైలాన్ దారంతో గడ్డి కోసే మిషను, ఒకటి కనిపిస్తోంది. పేరున్న కంపెనీల 18 వోల్టుల మిషనుకేమో దానికి ఎన్నో రెట్లు అడుగుతున్నారు. ఏది తీసుకోవాలి, ఒకే మిషనుతో దొడ్డీ తోటా రెండూ నడుస్తాయా అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. దొడ్డికి పేరున్న కంపెనీ 18 వోల్టుల బ్రష్‌లెస్ (కార్బన్ బ్రష్షులు లేని మోటారున్న) ట్రిమ్మర్, 4 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలు రెండు తీసుకోండి. తోట కోసం మాత్రం బ్యాటరీ ట్రిమ్మర్ కొనకండి. తోటలో వానాకాలం మధ్యలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి పెట్రోలు మిషనుతో వచ్చి కోసిపోయే మనిషిని పెట్టుకోండి. ఆ మూడు వేల రూపాయల 48 వీఎఫ్ జోలికి అసలు వెళ్ళకండి.

నేను రావులపాలెం వైపు స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లు, చిన్న మోటార్లు బాగుచేస్తుంటాను. కొత్త మిషన్లు అమ్మను. ఏ కంపెనీది అమ్ముడుపోయినా నాకు ఒరిగేదేమీ లేదు. నా దగ్గరికి వచ్చేవి పాడైనవే కాబట్టి, ఏది ఎక్కడ పాడవుతుందో మాత్రం బాగా తెలుసు.

గడ్డిని ఏ నెలలో చూసి మిషను కొంటున్నారు?

మన దగ్గర చాలామంది ఈ మిషన్లు వేసవిలో కొంటారు. అప్పుడు గడ్డి ఎండి, పలచగా ఉంటుంది. ఏ మిషను పెట్టినా సులువుగా తెగుతుంది, కొన్నవాళ్ళు సంతోషపడతారు. మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాయంటే కథ మారిపోతుంది. గరిక చాపలా అల్లుకుంటుంది, తుంగ లేస్తుంది, పల్లంగా ఉన్నచోట ఊద మోకాలెత్తు వస్తుంది. కాలవలు వదిలాక బోదెల పక్కన నేల ఆరేదే ఉండదు. కార్తీకం దాకా అంతే. ఇదే డెల్టా గడ్డి. తడిసిన గడ్డి బరువుగా ఉంటుంది, దారానికి చుట్టుకుంటుంది, గార్డు (దారం మీద ఉండే రక్షణ మూత) కింద అంటుకుపోతుంది. ఎండు గడ్డిలో ముప్పై నిమిషాలు వచ్చిన బ్యాటరీ తడి గడ్డిలో పదిహేను నిమిషాలకే దిగిపోతుంది.

అందుకని మిషను శక్తిని శ్రావణ భాద్రపదాల్లో ఉండే గడ్డికి సరిపోయేలా చూసుకోవాలి. అలాగని పెద్ద మిషను కొనడం ఒక్కటే దారి కాదు. గడ్డిని ఆ ఎత్తుకి రానివ్వకుండా పది పన్నెండు రోజులకోసారి కోసుకుంటే చిన్న మిషనే హాయిగా పనిచేస్తుంది. బ్యాటరీ ట్రిమ్మర్ ఉన్న ఇంట్లో గడ్డి జానెడు దాటకూడదు. దాటిందంటే మీరు మిషనుతో కాక గడ్డితో పోట్లాడుతుంటారు.

తుంగ గురించి ఒక మాట. ఎంత కోసినా పోలేదని మిషనుని తిట్టుకునేవాళ్ళు ఉన్నారు. తుంగకి గడ్డలు భూమిలో ఉంటాయి. పైన కోస్తే మళ్ళీ మొలుస్తుంది. ట్రిమ్మర్ దాన్ని పొట్టిగా ఉంచగలదే తప్ప తీసెయ్యలేదు. తీసెయ్యాలంటే తవ్వి గడ్డలు ఏరాల్సిందే.

వోల్టుల గొడవ

లిథియం సెల్లు ఒక్కొక్కటి 3.6 వోల్టులు అని లెక్క. నిండుగా చార్జి అయినప్పుడు 4.2 చూపిస్తుంది. ఐదు సెల్లులు వరసలో కలిపితే 18 వోల్టులు, నిండినప్పుడు 21. కాబట్టి ఒక పెట్టె మీద 18, ఇంకోదాని మీద 20 మ్యాక్స్, మరోదాని మీద 21 అని ఉన్నా మూడూ ఒకటే. పది సెల్లులు వరసలో ఉంటే 36 వోల్టులు. కొందరు 40 మ్యాక్స్ అని రాసేదీ అదే.

మరి 48 వీఎఫ్, 88 వీఎఫ్, 98 వీఎఫ్ ఏమిటంటే, అవి వోల్టులు కావు. అలాంటివి రిపేరుకి వచ్చినప్పుడు మీటరు పెట్టి చూస్తే 20, 21 దగ్గరే ఆగుతాయి. విప్పితే లోపల వరసలో ఐదే సెల్లులు. అంటే అది కూడా 18 వోల్టుల బ్యాటరీయే, సెల్లులు మాత్రం నాసిరకం. పది పదిహేను నిమిషాల పని ఇచ్చి, ఒక వానాకాలం గడిచేసరికి అందులో సగం కూడా ఇవ్వవు. వాటి చార్జరుకి సెల్లు నిండగానే కచ్చితంగా ఆగే ఏర్పాటు ఉందో లేదో బయటికి తెలియదు. రాత్రి చార్జింగులో పెట్టి పడుకునే వస్తువు కాదది.

మీటరు లేనివాళ్ళు బ్యాటరీని కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూడండి. 18650 అనే మామూలు సైజు సెల్లు ఒక్కోటి 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. ఎంత మంచిదైనా 3.5 ఏహెచ్ దాటడం అరుదు. అది కొంచెం లావైతే, అంటే 21700 రకమైతే, 70 గ్రాముల దగ్గర ఉండి 4 నుంచి 5 ఏహెచ్ ఇస్తుంది. ఈ లెక్కన నిజమైన 18 వోల్టుల 4 ఏహెచ్ బ్యాటరీ పైడబ్బాతో కలిపి అరకిలోకి పైనే ఉండాలి. చేతిలో తేలిగ్గా, మూడొందల గ్రాములు ఉన్న బ్యాటరీ మీద 6 ఏహెచ్ అని రాసి ఉంటే ఆ రాత అబద్ధం.

మీరు చూడాల్సింది వాట్ అవర్

వోల్టుల్ని ఏహెచ్‌తో గుణిస్తే వాట్ అవర్ వస్తుంది. బ్యాటరీలో ఎంత సరుకుందో చెప్పేది అదొక్కటే. 18 వోల్టులు, 4 ఏహెచ్ అంటే 72. 18 వోల్టులు, 2 ఏహెచ్ అంటే 36. 36 వోల్టులు, 4 ఏహెచ్ అంటే 144. చిన్న ట్రిమ్మర్ గడ్డి కోస్తూ సుమారు 250 వాట్లు లాగుతుందనుకుంటే, 72 వాట్ అవర్ బ్యాటరీ పదిహేడు నిమిషాలు వస్తుంది. పెట్టె మీద 45 నిమిషాలు అని ఉంటే అది గాలిలో ఉత్తినే తిప్పినప్పటి లెక్క అనుకోండి.

పదిహేడు నిమిషాలంటే తక్కువగా అనిపిస్తుంది. కానీ ట్రిగ్గరు నొక్కి ఉన్న సమయమే లెక్క. మీరు నడిచేటప్పుడు, ఆగేటప్పుడు, కమ్మలు పక్కకి లాగేటప్పుడు బ్యాటరీ ఖర్చు కాదు. జానెడు గడ్డిలో రెండు 4 ఏహెచ్ బ్యాటరీలతో ఆరేడు సెంట్లు అవుతుంది. పన్నెండు సెంట్లలో ఇల్లు, వాకిలి, వంటపాక, బావిగట్టు తీసేస్తే మీకు మిగిలే గడ్డి అంతకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంటే ఒక ఉదయం, లేకపోతే రెండు ఉదయాలు. నడుం నొప్పి ఉన్న మనిషి ఒక్క బిగిన అంతకన్నా చేయకూడదు కూడా. బ్యాటరీ దిగినప్పుడు మీరూ ఆగండి.

ఇదే లెక్క తోటకి వేయండి. డెబ్బై ఐదు సెంట్లంటే ఆ రెండు బ్యాటరీల జత పదిసార్లకు పైగా నింపాలి. మామూలు 2 ఆంపియర్ల చార్జరు 4 ఏహెచ్ బ్యాటరీని నింపడానికి రెండు గంటలు పైనే తీసుకుంటుంది. ఈ చివర కోయడం పూర్తయ్యేసరికి ఆ చివర గడ్డి మళ్ళీ లేస్తుంది. అందుకే తోటకి వద్దన్నాను. తోటలో గడ్డి తగ్గాలంటే నీడ పెంచండి. కొబ్బరి మధ్య కోకో బాగా ఎదిగిన తోటల్లో చూడండి, కింద పడ్డ ఆకే దుప్పటిలా పరుచుకుని గడ్డిని లేవనివ్వదు.

36 వోల్టులు ఎవరికి? పాతిక ముప్పై సెంట్ల పచ్చిక ఉన్నవాళ్ళకి, కడియం, కడియపులంక వైపు నర్సరీలవాళ్ళకి, రోజూ వాడే పనివాళ్ళున్న చోట. దారం లావుగా వేసుకోవచ్చు, కోత వెడల్పు ఎక్కువ, గడ్డి గట్టిగా ఉన్నా వేగం పడిపోదు. కానీ బ్యాటరీతో కలిపి నాలుగైదు కిలోలు దాటుతుంది, భుజానికి పట్టీ లేకుండా పట్టుకోలేం. రెండు 18 వోల్టుల బ్యాటరీలు ఒకేసారి పెట్టుకుని 36 మీద నడిచే మిషన్లూ ఉన్నాయి, వాటిదీ బరువే. మీ నడుం సంగతి చెప్పారు కాబట్టి మీకు వద్దంటున్నాను. (నర్సరీలవాళ్ళకి ఒక సంగతి: పాలిథిన్ సంచుల వరసల మధ్య ట్రిమ్మర్ దింపొద్దు. దారం తగిలితే సంచి చీరుతుంది, వేరు బయటపడుతుంది. అక్కడ చేత్తో పీకించడమే.)

ముందు బ్యాటరీ కుటుంబం, తర్వాత మిషను

ఇది చాలామంది ఆలోచించరు. మిషనులో ఖరీదైన భాగం బ్యాటరీ. ఇంట్లో ఇప్పటికే ఏదైనా కంపెనీ బ్యాటరీ డ్రిల్లు ఉంటే, అదే బ్యాటరీ పట్టే ట్రిమ్మర్ ఉందేమో చూడండి. ఉంటే బ్యాటరీ లేకుండా ఉత్త మిషను కొనుక్కోవచ్చు, ఖర్చు బాగా తగ్గుతుంది. కంపెనీ పేరు ఒకటే అయినా అన్నీ అన్నిటికీ పట్టవు, జాగ్రత్త. బాష్‌లో ఆకుపచ్చ రంగువి ఇంటి వాడకానికి, నీలం రంగువి పనివాళ్ళకి. రెండూ 18 వోల్టులే అయినా ఒకదాని బ్యాటరీ రెండోదానికి పట్టదు. మకీటాలో 18 వోల్టుల వరస వేరు, 40 వోల్టుల వరస వేరు. కొట్టులో బ్యాటరీ మీ చేత్తోనే దూర్చి చూసుకోండి.

ఇదివరకు లేకపోతే ఈసారి ఎంచుకునే కంపెనీతో చాలా ఏళ్ళు ఉండాల్సి వస్తుంది. స్ప్రేయరు, బ్లోయరు, కొమ్మలు కోసే చిన్న రంపం కూడా అదే బ్యాటరీ మీద నడిచేవి ఉన్నాయా, రాజమండ్రిలోనో కాకినాడలోనో భీమవరంలోనో సర్వీసు సెంటరు ఉందా, ఇవి అడగండి. విడి బ్యాటరీ, స్పూలు (దారం చుట్టి ఉండే చక్రం), గార్డు, ఈ మూడూ విడిగా దొరకని మిషను ఎంత బాగున్నా తీసుకోకండి. ట్రిమ్మర్లలో మోటారు కాలిపోయి వచ్చేవి తక్కువ. స్పూలు మూత పగిలి, ఆ పది రూపాయల ప్లాస్టిక్కు దొరక్క మూల పడేసినవే ఎక్కువ.

బ్రష్‌లెస్ ఎందుకన్నానంటే, మామూలు మోటారులో కార్బన్ బ్రష్షులు అరుగుతాయి, రాపిడికి వేడెక్కుతాయి, అదే పనికి కరెంటు ఎక్కువ తింటాయి. బ్రష్‌లెస్‌లో ఆ రాపిడి లేదు, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. తడి గడ్డిలో బిగుసుకున్నప్పుడు మోటారు కాలకుండా తనే ఆగిపోయే ఏర్పాటు కూడా చాలావాటిలో ఉంటుంది. ధర తేడా ఉన్నా మన గడ్డికి అదే మేలు.

దారం, హెడ్డు

నైలాన్ దారం 1.6, 2, 2.4 మిల్లీమీటర్ల లావుల్లో దొరుకుతుంది. 18 వోల్టులవాటికి 1.6 గానీ 2 గానీ వస్తుంది. మీరు 2 పట్టేదాన్ని తీసుకోండి. 1.6 ఊదకీ, ముదిరిన గరికకీ ఊరికే తెగిపోతుంది. అలాగని మిషనుకి రాసినదానికన్నా లావు దారం వేయొద్దు. లావు దారం గాలినే ఎక్కువ కోస్తుంది, చిన్న మోటారు దాన్ని తిప్పడానికే అలసిపోతుంది, బ్యాటరీ సగానికి దిగుతుంది.

దారం బయటికి రావడానికి మూడు పద్ధతులున్నాయి. నేలకి తట్టితే వచ్చేది, ట్రిగ్గరు వదిలి పట్టినప్పుడల్లా దానంతట అదే వచ్చేది, అసలు దారం లేకుండా ప్లాస్టిక్ ముక్క పెట్టేది. తట్టే రకం గట్టి నేల మీద బాగుంటుంది. మన నల్లమట్టి వానాకాలంలో మెత్తబడి ఉంటుంది కదా, అక్కడ తడితే హెడ్డు, అంటే దారం బిగించి కింద తిరిగే భాగం, బురదలో దిగుతుంది, బటను చుట్టూ మట్టి నిండి బిగుసుకుంటుంది. సిమెంటు గట్టు మీదో, ఇటుక మీదో తట్టుకోండి. లేదా బ్యాటరీ తీసేసి, బటను నొక్కి చేత్తో లాగండి. ప్లాస్టిక్ ముక్కలవి పూలమొక్కల మధ్య సన్నపనికి పర్వాలేదు గానీ కొబ్బరి డొక్క తగిలిందంటే విరిగి ఎగిరిపోతాయి.

దారం పాతబడి పెళుసెక్కితే నీళ్ళలో నానబెట్టండి. నైలాన్ నీరు పీల్చుకుంటుంది, ఆరిపోతే పుటుక్కున విరుగుతుంది. మే నెలంతా రేకుల షెడ్డులో వేలాడిన దారాన్ని ఒక రాత్రి బకెట్టులో వేసి ఉంచితే మళ్ళీ మెత్తబడుతుంది.

కోసేటప్పుడు దారం చివరి అంగుళం మాత్రమే గడ్డికి తగలాలి. మొత్తం లోపలికి తోస్తే చుట్టుకుంటుంది. ఎత్తు గడ్డిని ముందు పైసగం, తర్వాత కిందిసగం, రెండు దఫాల్లో కొయ్యండి. ప్రహరీ గోడ పక్కన, ముళ్ళకంచె పక్కన దారం గంటకి సరిపోయేది నిమిషాల్లో అరుగుతుంది. ఆ నాలుగు వేళ్ళ మేర దోకుడు పారతో చెక్కుకోవడమే మంచిది.

చెట్ల మొదళ్ళు

ఈ ముక్క దయచేసి వదలకుండా చదవండి. మిషను పాడైతే డబ్బుతో పోతుంది, చెట్టు పోతే ఏళ్ళు పోతాయి.

ఈ దారం మిషనుని 1971లో అమెరికాలో హ్యూస్టన్ నగరంలో జార్జ్ బల్లాస్ అనే ఆయన తయారుచేశారు. కార్లు కడిగే మిషనులో తిరిగే బ్రష్షులు చూసి వచ్చిన ఆలోచన అది. పాప్‌కార్న్ డబ్బాకి కన్నాలు పెట్టి గాలపు దారం బిగించి మొదట చూశారట. ఆయన కోరుకున్నది చెట్ల మొదట్లో గడ్డిని బెరడుకి దెబ్బ తగలకుండా కొయ్యడమే. ముదురు చెట్టుకి అది సరే. లేత మొక్కకి మాత్రం ఈ దారమే కత్తి. మామిడి, సపోటా, నిమ్మ, కోకో మొక్కలకి బెరడు కిందే ఆకుల్లోంచి ఆహారం కిందికి దిగుతుంది. మొదలు చుట్టూ బెరడు రాలిపోయిందంటే వేళ్ళు పస్తు పడతాయి, మొక్క నెమ్మదిగా చచ్చిపోతుంది. చూసేవాళ్ళు తెగులనుకుని మందు కొడతారు.

కొబ్బరి సంగతి ఇంకా వేరు. దానికి మామిడిలాగ బెరడు కింద పెరిగే పొర లేదు. కాండానికి పడ్డ గాయం పూడదు, జీవితాంతం అలాగే ఉంటుంది. లేత చెట్లకి గాయం వాసనకే ఎర్ర ముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. రసం కారే తెగులు కూడా గాయాలనుంచే లోపలికి దిగుతుంది. కాబట్టి మొక్క చుట్టూ అడుగున్నర మేర ట్రిమ్మర్ వెళ్ళకూడదు. అక్కడ చేత్తో గడ్డి తీసి, పాదులో కొబ్బరి డొక్కలో, ఎండు కమ్మలో పరిచేయండి. గడ్డీ రాదు, తేమా నిలుస్తుంది. ఇప్పటికే మొదట్లో దెబ్బలుండి రసం కారుతుంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మీకు దగ్గరే, వెళ్ళి చూపించండి.

గేదె ఉందా?

మీరు రాయలేదు గానీ, మీ ఇంట్లోనో పక్కింట్లోనో పాడి ఉంటే ఇది ముఖ్యం. ట్రిమ్మర్ కోసిన గడ్డిని పశువుకి వెయ్యకండి. కొడవలితో కోసినట్టు పనలుగా రాదు, తునకలై మట్టితో కలిసి చెల్లాచెదురుగా పడుతుంది. పైగా దారం అరిగిన కొద్దీ నైలాన్ ముక్కలు ఆ గడ్డిలోనే పడుతుంటాయి. అవి కడుపులో అరగవు. మేతకి పనికొచ్చే గడ్డి ఉన్న మూలని కొడవలికి వదిలెయ్యండి, మిగిలిందే మిషనుకి. చేపల, రొయ్యల చెరువు గట్ల మీద వాడేవాళ్ళకీ ఇదే మాట. తెగిన దారం ముక్కలు నీళ్ళలో పడకుండా ఏరెయ్యాలి.

ఒళ్ళు జాగ్రత్త

కళ్ళకి అద్దాలు లేకుండా ట్రిగ్గరు నొక్కకండి. దారం నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది, చిన్న గులకరాయి, డొక్క పీచు, నత్తగుల్ల ఏది తగిలినా రాయి విసిరినట్టు వస్తుంది. మనుషుల్ని, ముఖ్యంగా పిల్లల్ని, పదిహేను మీటర్లలోకి రానివ్వద్దని మిషన్ల పుస్తకాల్లోనే ఉంటుంది. మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు వేసుకోండి, దెబ్బలకే కాదు, పాములకి కూడా. కట్లపాము, రక్తపింజర తిరిగే నేల మనది. శబ్దానికి పారిపోతాయని నమ్ముకోకుండా ముందు కర్రతో గడ్డి కదిలించి చూడండి.

వయ్యారిభామ ఉన్నచోట పూతకి ముందే కొయ్యండి, చేతులూ మెడా కప్పుకుని కొయ్యండి. మిషను దాన్ని చిదిమి చిమ్ముతుంది, ఒంటికి తగిలితే కొందరికి దద్దుర్లు, దురద వదలవు. దురదగొండి తీగ కనబడితే మాత్రం ట్రిమ్మర్ ఆపెయ్యండి. ఆ నూగు గాలిలో లేచిందంటే మీకూ పక్కింటివాళ్ళకీ ఆ పూటంతా నరకమే.

చవక మిషన్లతో పాటు ఇనుప బ్లేళ్ళు, రంపపు చక్రాలు, ఒక్కోసారి గొలుసు ముక్కలు తగిలించిన హెడ్డు కూడా ఇస్తుంటారు. గొలుసు హెడ్డు చూడగానే పారెయ్యండి. గొలుసు లంకె తెగి ఎగిరి మనిషి ప్రాణం పోయిన ఘటన తర్వాత, విడివిడి ఇనుప ముక్కలు కలిపిన అలాంటి హెడ్డుల్ని యూరోపియన్ యూనియన్ 2012లో నిషేధించింది. మన దగ్గర ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. దారం కోసం చేసిన చిన్న గార్డు ఇనుప చక్రాన్ని ఆపలేదు.

నడుం విషయానికి వస్తే, కొట్టులో బ్యాటరీ బిగించి పది నిమిషాలు పట్టుకుని నిలబడి చూడండి. హెడ్డు మీ చీలమండ ఎత్తులో ఉన్నప్పుడు మీరు వంగకుండా నిటారుగా ఉండాలి. అందుకు కర్ర పొడవు పెంచుకునే వీలు, ముందు పిడి జరుపుకునే వీలు ఉండాలి. చిన్న మిషన్లలో మోటారు కిందే, హెడ్డు దగ్గరే ఉంటుంది, ముందుకి బరువు లాగుతుంది. వెనక బ్యాటరీ ఆ బరువుకి సరితూగాలి. 2 ఏహెచ్‌తో ముందుకి వాలేది 4 ఏహెచ్ పెట్టగానే తూకానికి రావడం చాలాసార్లు చూశాను. చేతులు ఊపకుండా నడుం పైభాగం మొత్తం తిప్పుతూ అడుగులెయ్యండి. పట్టీ ఇస్తే తప్పకుండా వేసుకోండి.

బ్యాటరీ మన వాతావరణంలో బతకాలంటే

పని అవ్వగానే వేడి బ్యాటరీని చార్జింగులో పెట్టకండి. అరగంట నీడన చల్లారనివ్వండి. 40, 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయొద్దని తయారీదార్లే చెబుతారు. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఇంట్లో, ఫ్యాను గదిలో, మీరు మెలకువగా ఉన్నప్పుడు పెట్టుకోండి.

వేసవిలో నెలల తరబడి వాడరు కదా, అప్పుడు బ్యాటరీని మిషనులోంచి తీసి, సగం చార్జిలో, అంటే నాలుగు లైట్లలో రెండు వెలిగే స్థితిలో, బీరువాలో పెట్టండి. నిండుగా ఉంచినా, పూర్తిగా దింపేసి వదిలేసినా సెల్లులు దెబ్బతింటాయి. సముద్రం దగ్గర ఊళ్ళవాళ్ళు, అంతర్వేది, ఓడలరేవు వైపువాళ్ళు బ్యాటరీ పిన్నులు పొడిగుడ్డతో తరచూ తుడుచుకోవాలి, ఉప్పుగాలికి చిలుము పడుతుంది.

వాన కురుస్తుండగా కోయొద్దు. మంచు ఆరాక కొయ్యండి. పని అయ్యాక బ్యాటరీ తీసి, గార్డు కింద అంటుకున్న గడ్డీ బురదా పుల్లతో గీకెయ్యండి. పైపు పెట్టి కడగొద్దు. ఆ బురద ఎండి గట్టిపడితే మరుసటిసారి దారం దానికే రాసుకుంటూ తిరుగుతుంది, మోటారు వేడెక్కుతుంది.

మీది లంకలకి దగ్గర కాబట్టి ఇదీ చెప్పాలి. 2022 జూలై లాంటి వరద వస్తే ఇంట్లో ముందు పైకెక్కించే సామాన్లలో బ్యాటరీలు కూడా ఉండాలి. నీళ్ళలో మునిగిన లిథియం బ్యాటరీని ఎండబెట్టి చార్జి చేయడం ప్రమాదం. బయటికి ఏమీ తెలియకపోయినా లోపల తుప్పు, షార్టు మొదలై ఉంటుంది, చార్జింగులో మంట రావచ్చు. మునిగినదాన్ని ఇంటికి దూరంగా పెట్టి సర్వీసు సెంటరుకి అప్పగించండి. చెత్తలో వెయ్యొద్దు.

కొనేటప్పుడు బిల్లు మీద మిషను నంబరుతో పాటు బ్యాటరీ నంబరు, చార్జరు నంబరు కూడా రాయించుకోండి. వాటి వారంటీ మిషనుకన్నా తక్కువ కాలం ఉండే అవకాశం ఉంది, అది ఎన్ని నెలలో అక్కడే అడగండి. ఇక వెళ్ళేముందు టేపు పెట్టి గడ్డి ఉన్న మేర మాత్రమే కొలవండి. 40 చదరపు మీటర్లు, అంటే 48 గజాలు ఒక సెంటు. నాలుగు సెంట్ల లోపే వస్తే రెండో బ్యాటరీ ఇప్పుడు కొనక్కర్లేదు, ఒక వానాకాలం వాడి చూశాక తీసుకోవచ్చు. పది దాటి, అదంతా గరికే అయితే ఇక్కడ మళ్ళీ రాయండి. అప్పుడు ట్రిమ్మర్ కన్నా చక్రాల మీద తోసుకెళ్ళే బ్యాటరీ గడ్డి మిషను మీ నడుముకి మేలేమో చూద్దాం.